హంతకుడు దొరికాకే కేకు

అమ్మ పోయిన సంగతి ఖైరూన్ అత్తకి ఫోన్లో చెప్పడం నావల్ల కాలేదు. జరగాల్సినవన్నీ జరిగి, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, ఒక ఆదివారం పొద్దున గుంటూరు నుంచి బయల్దేరి, తెనాలిలో రైలు మారి సింగరాయకొండలో దిగాను. అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళు పట్టేశాయి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తోంది. నేను ఆటో దిగగానే నా వెనక ఇంకెవరన్నా దిగుతారేమోనని మెడ చాపి చూసింది. "వదిన రాలేదా?" అంది. నా మొహం చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పక్కనున్న కుర్చీ దగ్గరికి లాక్కుని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. వాళ్ళమ్మాయి టీ తెచ్చి పెట్టి, అది చల్లారిపోయాక లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ కాచి తెచ్చింది. అప్పుడు అడిగింది అత్త, "చివర్లో ఏమన్నా తిన్నదా?" అని. "గొంతు దిగేది కాదత్తా" అన్నాను. "మొదట్లో అన్నయ్యక్కూడా అంతే గదా" అంది.

నాన్నని అన్నయ్య అనే మనిషి ఈ లోకంలో ఇంకా ఒకరు మిగిలి ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది నాకు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని, చేతిలో చెయ్యాల్సిన పనేం లేక, వద్దనుకున్నా ఆ రోజులే తలుచుకున్నాను. మనిషి మంచాన ఉన్నన్నాళ్ళూ అలసట తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. అమ్మ ఇలాంటి అలసట ఎన్నేళ్ళు మోసిందో అప్పట్లో నాకు పట్టలేదు. నాకప్పుడు ఇంటర్మీడియట్ చదివే వయసు. నాకు తెలిసిందల్లా కేకు వాసన, ఎవరు ఎవర్ని చంపారన్నది.

మాది పర్చూరు. నల్లరేగడి పొలాలు. పత్తి, మిరప. నాన్నకి పొలం ఎంత పెద్దదో గొంతు అంతకన్నా పెద్దది అనేవాళ్ళు. గట్టు మీద నిలబడి ఒరేయ్ అన్నాడంటే మూడు చేల అవతల మందు కొట్టేవాడు కూడా వెనక్కి తిరిగి చూసేవాడు. ఇంట్లో కూడా అదే గొంతు. ఆయనకి కథల పుస్తకాలంటే గిట్టేది కాదు, అందులోనూ డిటెక్టివ్ నవలలంటే మరీ మంట. "హత్యలు చదివే ఆడోళ్ళని మా ఇంటా వంటా చూళ్ళేదు" అనేవాడు. అమ్మకి అవంటే ప్రాణం. బస్టాండు పక్కన కోటేశ్వరరావు గారని ఒకాయన చెక్క బడ్డీలో పుస్తకాలు అద్దెకిచ్చేవాడు. అమ్మ నాచేత తెప్పించుకుని, మినప్పప్పు డబ్బాలో దాచుకుని, నాన్న చేలోకి వెళ్ళాక చదువుకునేది. ఆ పుస్తకాలు తిరిగిచ్చేటప్పుడు పేజీల మధ్య నుంచి మినప్పొట్టు రాలేది. కోటేశ్వరరావు గారు దులిపి మాట్లాడకుండా లోపల పెట్టుకునేవాడు.

మిరపకాయ ఎండబోసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నాన్న కళ్ళంలోనే పడిపోయాడు. ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చారు. అక్కణ్ణించి గుంటూరు తీసుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పటికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. పొలం మా బాబాయికి కౌలుకిచ్చేశారు. ముందుగదిలో నవారు మంచం తీసేసి చెక్కమంచం వేశారు. అంత గొంతున్న మనిషి నోట్లోంచి "ఊ", "ఆ" తప్ప ఏమీ వచ్చేది కాదు. తను చెప్పేది మాకు అర్థం కాకపోతే ఎడం చేత్తో మంచం పట్టె మీద కొట్టేవాడు. ఆ చప్పుడు వీధిలోకి వినపడేది.

అమ్మ రోజు ఎలా గడిచేదో ఇప్పుడు చెప్పగలను. తెల్లారకముందే లేచి ఆయన్ని పక్కకి తిప్పడం, దుప్పట్లు మార్చడం, వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడవడం, కొబ్బరినూనె రాసి కాలూ చెయ్యీ ముడిచి చాపించడం. ఆ తరవాత పొయ్యి. ఆ తరవాత తిండి పెట్టడం, అదే అన్నిటికన్నా కష్టం. జావ పల్చగా ఉంటే పొరబోయేది. గట్టిగా ఉంటే మింగేవాడు కాదు. రెండు స్పూన్లు పెట్టేసరికి మొహం గోడకి తిప్పేసుకునేవాడు. ఒకసారి గిన్నె ఎడం చేత్తో తోసేస్తే రాగిజావ అమ్మ చీర మీద పడింది. అమ్మ పెరట్లోకి వెళ్ళి చీర కుచ్చిళ్ళు కడుక్కుని, తడి చీరతోనే ఇంకో గిన్నెడు కలుపుకొచ్చింది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గడప దిగి గొంతు తగ్గించి, "ఇంకెన్నాళ్ళో" అనుకునేవాళ్ళు. తగ్గించినా మాకు వినపడేది.

ఖైరూన్ అత్తది మా పక్కిల్లు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆమె భర్త మస్తాన్ మామ బోరు మోటార్లకి వైండింగు చేసేవాడు. అత్త పుట్టిల్లు వేటపాలెం. అక్కడ జీడిపప్పు కొట్టే షెడ్లలో ఆమె అక్కలు పనిచేసేవాళ్ళు గనక వాళ్ళింట్లో బద్ద పప్పుకి ఎప్పుడూ లోటుండేది కాదు. వాళ్ళ నాన్న పూర్వం చీరాలలో పొగాకు కంపెనీ దొరల బంగళాలో వంట చేసినవాడు. కేకు చెయ్యడం ఆయన దగ్గర నేర్చుకుంది. మా వైపు అప్పట్లో కేకంటే పుట్టినరోజుకి చీరాల బేకరీ నుంచి తెచ్చే గులాబీపూల కేకే. ఇంట్లో కేకు చేస్తారని అత్తని చూసేదాకా నాకు తెలియదు. మందపాటి అల్యూమినియం గుండిగ అడుగున జల్లించిన ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, ఇసుక కాలాక అందులో నెయ్యి రాసిన గిన్నె దించేది. గుండిగ మీద మూత, మూత మీద నాలుగు నిప్పులు. పిండిలోకి గుడ్లు గిలక్కొట్టడానికి మజ్జిగ కవ్వమే. ఉడికిందో లేదో చూడ్డానికి కడిగిన చీపురుపుల్ల గుచ్చి తీసేది. ఊరంతా మిరపకాయ ఘాటుతో తుమ్ముతున్న రోజుల్లో ఆ గోడ మీంచి వెనీలా వాసన వచ్చేది. ఎక్కడి వాసన అది! చదువుతున్న పుస్తకం మూసేసి గోడ దగ్గరికి పోయేదాన్ని.

జావ గిన్నె తోసేసిన మర్నాడు అత్త ఒక కేకు ముక్క తెచ్చి, "వదినా, పాలల్లో నానేసి పెట్టి చూడు. మా నాయన పళ్ళు పోయాక ఇదే తిన్నాడు" అంది. అమ్మకి నమ్మకం లేదు. అయినా ముక్కని పాలల్లో మెత్తగా నానబెట్టి, స్పూను అంచుతో నాన్న పెదాలకి రాసింది. నాన్న నాలిక బయటికొచ్చింది. ఇంకోసారి రాసింది. మింగాడు. ముక్క అంతా తినడానికి చాలాసేపు పట్టింది, కానీ మొత్తం తిన్నాడు. అమ్మ ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది. అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి అత్తే అంది, "ఎప్పుడూ ఏందో చదువుతుంటావు గదా వదినా డబ్బాలో పెట్టుకుని, నాక్కూడా చదివి పెట్టరాదా?"

అత్తకి చదువు రాదు. బడి మొదట్లోనే మాన్పించారు. అమ్మ మంచం వైపు బెరుగ్గా చూసింది. "ఆయనుండగానా?" అంది.

"ఇప్పుడేమంటాడులే, పాపం" అంది అత్త. "రక్తాలుండేది వద్దు వదినా. పొడుచుకోవడాలూ కొట్టుకోవడాలూ నాకొద్దు. మనం పోయేతలికి ఎవరో ఒకరు చచ్చిపోయి ఉండాల. ఎవరు చంపారో చెప్పాల. అంతే."

అలా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త గుండిగ మోసుకుని మా పెరట్లోకే వచ్చేసేది. కేకు పొయ్యి మీద పెట్టేసి వాకిట్లో కూర్చుంటే అమ్మ మంచం పక్కన పీట వేసుకుని చదివేది. అమ్మ గొంతు నొప్పి పుడితే నేను అందుకునేదాన్ని. ఏ నవలకి ఏ కేకు అన్నది అత్త తేల్చేది. ముందు నన్ను అడిగేది, "ఎక్కడ జరిగిందే హత్య?" అని. బంగళాలోనంటే నారింజతొక్క, ఎండుద్రాక్ష వేసిన బంగళా కేకు. కొండల మీద టీ తోటలోనంటే యాలకులు దంచి వేసిన బొంబాయిరవ్వ కేకు. పెళ్ళింట్లోనంటే బద్ద జీడిపప్పు పైన అద్దిన బిస్కెట్లు. ఒకసారి హత్య ఆసుపత్రిలో జరిగిందంటే, "ఆసుపత్రిలో ఏం పెడతారే, బ్రెడ్డు చేస్తా" అని నిజంగానే బ్రెడ్డు చేసింది. అది ఇటుకలాగా వచ్చింది. ఆ హంతకుడు కూడా మాకెవరికీ నచ్చలేదు.

నియమం ఒకటే. హంతకుడు దొరికితే గానీ కేకు కొయ్యకూడదు. కేకు దించాక చల్లారేలోగా ఆఖరి అధ్యాయం రావాలి, అప్పుడు చదవడం ఆపి ఎవరి అనుమానం వాళ్ళు చెప్పాలి. అమ్మ చదివే వేగాన్ని అత్త వాసన బట్టి నడిపించేది. "వాసన మారింది వదినా, కాస్త తొందరగా పోనీ" అనేది. లేదంటే "ఇంకా లోపల పచ్చిగానే ఉంది, ఆ పోలీసోణ్ణి ఇంకో ఇద్దర్ని అడగనియ్యి" అనేది. నాన్న కళ్ళు మూసుకుని పడుకునేవాడు. వింటున్నాడో నిద్రపోతున్నాడో మాకు తెలిసేది కాదు. పట్టె మీద కొట్టడం మటుకు ఆ కాసేపూ ఉండేది కాదు. రెండు పూటలా కేకు తినేవాడు. ఆ తరవాత మెత్తటి ఇడ్లీ కూడా. దవడలు కాస్త నిండాయి.

అలా ఏడాది గడిచి ఉంటుంది. ఒక నవల, పెద్ద జమీందారు చచ్చిపోతాడు, ఇంటినిండా మనుషులు. డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అంటాడు. అమ్మ పేజీ తిప్పింది. తరవాత పేజీ లేదు. ఆ తరవాతది కూడా లేదు. వెనక అట్ట ఒక్కటే ఉంది. ఎవరో చింపేశారు.

"అయ్యో! ఇప్పుడు కేకెట్టా?" అంది అత్త.

నేను పరిగెత్తుకుంటూ కోటేశ్వరరావు గారి బడ్డీకి వెళ్ళొచ్చాను. ఆయన దగ్గర ఇంకో ప్రతి లేదు. ఎవరు చంపారో ఆయనకీ గుర్తులేదు. "రోజుకో హత్య నా బడ్డీలో. నాకెక్కడ గుర్తుంటదమ్మా!" అన్నాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లో వాదన నడుస్తోంది. అమ్మ డాక్టరే చంపాడంటుంది. అత్త పెద్దకోడలంటుంది. "అది మొదట్నించీ ఏడవలేదు వదినా, చూసుకో కావాలంటే" అంటోంది. నేను గుమాస్తా అన్నాను. ముగ్గురం గొంతులు పెంచేశాం. కేకు మధ్యలో చల్లారిపోతోంది. అప్పుడు మంచం మీంచి చప్పుడైంది.

"వం" అన్నాడు నాన్న.

అందరం ఆగిపోయాం. నోరు ఎడం పక్కకి లాక్కుంటూ మళ్ళీ "వం... వంట" అన్నాడు. మాట! ఏడాదిగా లేని మాట. అమ్మ లేచి నిలబడింది. "వంటా? ఆకలేస్తందా? ఉండు, ఉండు, కేకు పెడతా" అంటూ కత్తిపీట కోసం వెతుకుతోంది. నాన్న పట్టె మీద ఎడం చేత్తో దబదబా బాదాడు. మొహం ఎర్రబడింది. "వంట... మని... మని..."

అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "వదినా! ఆయన అడిగేది తిండి కాదు! వంటమనిషి చంపిందంటన్నాడు!"

నాన్న చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసి తెరిచాడు, అవునన్నట్టు. అమ్మ కత్తిపీట సంగతి వదిలేసి చీరచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా ఏడ్చింది. ఆయన పడిపోయినప్పటి నుంచీ అమ్మ ఏడవడం నేను చూళ్ళేదు. ఏం చెయ్యాలో తోచక నేను పుస్తకం తీసి వెనక్కి తిప్పాను. నిజమే, వంటమనిషి జమీందారు గదిలోకి పాలు రెండుసార్లు తీసుకెళ్ళింది. రెండోసారి ఎందుకెళ్ళిందో ఎవరూ అడగలేదు. మేం ముగ్గురం ఆ సంగతే గమనించలేదు. కళ్ళు మూసుకున్న మనిషి గమనించాడు.

"ఏం అన్నయ్యా, వంటోళ్ళ మీదే పడతారేంది మీరు? మా నాయన వంటమనిషే, తెల్సా!" అంది అత్త, నడుం మీద చెయ్యి పెట్టుకుని. నాన్న నవ్వాడు. సగం మొహమే నవ్వింది, ఆ సగానికే అందరం నవ్వాం. వంటమనిషే అయ్యుండాలని అందరం ఒప్పేసుకుని కేకు కోశాం.

ఆ తరవాత మాటలు ఒకటీ అరా వచ్చాయి. నీళ్ళు. నొప్పి. రా. పో. ఎందుకో మా పేర్లు మాత్రం రాలేదు. నన్ను చూసి నోరు తెరిచి, వెతుక్కుని, అలిసిపోయి ఊరుకునేవాడు. అమ్మ పేరు కూడా అంతే. అమ్మని పిలవడానికి ఆయనకి దొరికిన మాట "చదువు". పొద్దున లేవగానే "చదువు". దాహమేస్తే "చదువు". వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడైతే "చదువు?" అని కేక, పాత గొంతులో పదో వంతు. అది చదవమనడమో, పిలవడమో మాకు అర్థమయ్యేది కాదు. అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చేది. ఊళ్ళోవాళ్ళు అమ్మ అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్ళు. హత్యల పుస్తకాలు చదివే ఆడోళ్ళని చూళ్ళేదన్న మనిషి ఆ పుస్తకాల్లోంచే మాట తెచ్చుకున్నాడని చెప్పుకుని నవ్వేవాళ్ళు. అది నిజమే. కానీ తెల్లారి నుంచి నడుం వాల్చని మనిషి, మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని గుక్క తిప్పుకోకుండా చదవడం ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు లేదు. విసనకర్ర ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని చదువుతున్న అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. "చదువు" అన్నాడు నాన్న. అమ్మ చదవలేదు. "చదువు" అన్నాడు మళ్ళీ, పట్టె మీద కొట్టి. అమ్మ పుస్తకం మూసి ఆయన పక్కన పెట్టింది. "నావల్ల కాదు. నాకూ ఒళ్ళుంది. నాకూ నొప్పి పుడుతుంది. ఎవరు చంపితే ఏంది, ఎవరు చస్తే ఏంది!" అని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాన్న కళ్ళు బెదిరిపోయాయి. నేను లేచి వెళ్ళబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "పోనియ్యి. కాసేపు గాలి పీల్చుకోనియ్యి" అని పీట మీదకి తను జరిగి, పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని, చదువుతున్నట్టే మొదలుపెట్టింది.

"ఒక ఊళ్ళో ఒక కోడి ఉండాది అన్నయ్యా. దాన్ని ఎవరో కోసుకు తిన్నారు. ఈకలు మా గోడ పక్కన దొరికినై."

ఆ కోడి మా వీధి చివరి సుబ్బులుది. నిజంగానే ఆ వారం పోయింది. అత్త వీధిలో ఒక్కొక్కళ్ళనే పేరు మార్చి కథలోకి దింపింది. ఒకడు దగ్గుతాడు, ఒకామె నడిచేటప్పుడు కాలు ఈడుస్తుంది, ఎవరు ఎవరో నాన్నకి వెంటనే తెలిసిపోతోంది. అప్పుడప్పుడూ పేజీ కూడా తిప్పుతోంది అత్త. ఆఖరికి "ఎవరన్నయ్యా?" అని అడిగితే నాన్న మా బాబాయి ఇంటి వైపు చెయ్యి చూపించాడు. పెరట్లో జామచెట్టు కింద కూర్చున్న అమ్మకి మా నవ్వులు వినపడి ఉంటాయి. చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చాక కళ్ళు కడుక్కున్న మొహంతో, "కోడిని తిన్నదెవరో తేలిందా?" అని అడిగింది.

ఇప్పుడు గుంటూరులో నా వంటింటి గట్టు మీద ఓవెన్ ఉంది. వేడి ఎంతో అంకెల్లో చూపిస్తుంది, అయిపోతే గంట కొడుతుంది. కేకు బాగానే వస్తుంది. అమ్మ ఆఖరి ఏళ్ళు నా దగ్గరే గడిపింది. కళ్ళు కనిపించక చదువుకోలేకపోయేది. కథలు చదివి వినిపించే ఏర్పాటు ఫోన్లోనే ఉంది గదా, ఆఫీసుకి వెళ్ళేముందు పెట్టి వెళ్ళేదాన్ని. ఆ గొంతు ఎవరిదో. దానికి నొప్పి పుట్టదు, మధ్యలో విసుక్కోదు, వాసన బట్టి నెమ్మదించదు. అమ్మ వినేది. ఎవరు చంపారమ్మా అని సాయంత్రం అడిగితే, "ఎవరో చంపాళ్ళే" అనేది. మా అపార్టుమెంటులో పక్కింటివాళ్ళు మంచివాళ్ళే. లిఫ్టులో కనిపిస్తే అమ్మ ఎలా ఉందని అడిగేవాళ్ళు. కానీ గుండిగ నెత్తిన పెట్టుకుని మా ఇంట్లోకి నడిచి వచ్చి, నన్ను పీట మీంచి లేవమని చెప్పి, కాసేపు ఆ పీట మీద తను కూర్చునే మనిషి లేదు. అమ్మకి ఉండేది. నాకు లేదు. అప్పటికీ ఇప్పటికీ నాకు తెలిసిన తేడా అదొక్కటే. మిగతావన్నీ ఇప్పుడే సుఖం.

నాన్న ఆ మంచంలో ఇంకొన్నేళ్ళు బతికి, ఒక చలికాలం ఉదయం, అమ్మ ఒళ్ళు తుడుస్తుండగా పోయాడు. పెద్దకర్మ అయ్యాక చెక్కమంచం వెనక కొట్టంలోకి చేర్చారు. ముందుగది ఖాళీగా, మరీ పెద్దదిగా కనిపించింది. చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు మధ్యాహ్నం అత్త ఎప్పట్లాగే వచ్చింది. కేకు వాళ్ళ పెరట్లోనే చేసి గిన్నెతో తెచ్చింది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "ఇవాళ చదవలేనే ఖైరూన్" అంది. "చదవమని ఎవరన్నారు? పడుకో" అంది అత్త. చాప పరిచి, దిండు వేసి, అమ్మ భుజం పట్టుకుని పడుకోబెట్టింది. అమ్మ రెండు నిమిషాల్లో నిద్రపోయింది. పగటిపూట అమ్మ పడుకోవడం ఎన్నేళ్ళ తరవాతో. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి పక్కకి జారేసి, అంతకన్నా బరువైన నిద్ర నేను చూళ్ళేదు. పలకరించడానికి ఎవరో ఇద్దరు వస్తే అత్త గడప దగ్గరే నిలబడి, "వదిన పడుకుంది. రేపు రాండి" అని పంపించేసింది. వీధిలో పిల్లలు అరుస్తుంటే వెళ్ళి వాళ్ళనీ కసిరి వచ్చింది. తిరిగొచ్చి గడప మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ వాకిట్లోంచి గోడ మీదకి, గోడ మీంచి పైకప్పు మీదకి పోయేదాకా మేమిద్దరం అలాగే ఉన్నాం.

దీపాలు పెట్టే వేళకి అమ్మ ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే మంచం ఉండే వైపుకి చెయ్యి చాచింది, ఆయన్ని పక్కకి తిప్పడానికి. చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఎంతసేపు పడుకున్నానే?" అంది.

"ఏం, ఎక్కడికన్నా పోవాలా?" అంది అత్త. కేకు కోసి ఒక పెద్ద ముక్క అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కొంచెం కొంచెంగా తుంచుకుని, గోడ వైపు చూస్తూ, మొత్తం తిన్నది.

"పంచదార తక్కువైందే ఖైరూన్" అంది.

"కావాలనే వేశా తక్కువ" అంది అత్త, ఇంకో ముక్క కోస్తూ. "తీపెక్కువైతే ఒక్కదాంతో చాలంటావు."